1972లో ఆయన ఇచ్చిన పేరు: ఒక మారిషస్ పెద్దాయన జ్ఞాపకాలతో కేస్ స్టడీ

నేను చేసేది మౌఖిక చరిత్ర పని. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు బతికిన కాలం గురించి చెప్పించి, రికార్డు చేసి, అక్షరాల్లోకి దించి, కాగితాల్లో ఉన్నదానితో సరిచూసి కుటుంబానికి అప్పగిస్తాను. ఎక్కువగా బయటి దేశాల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలతోనే. ఈ కేసులో దాదాపు రెండు నెలలు ఒక మనిషి జ్ఞాపకశక్తిని అనుమానించాను. తప్పు నా ప్రశ్నల్లో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇదే పని చేస్తున్న మిగతావాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, పేట, వయసు, ఆయన ఏ పార్టీవైపు ఉండేవారు అన్నవి తీసేశాను. మారిషస్ జనాభా పన్నెండు లక్షల పైచిలుకు, అంతే. రెండు ఆనవాళ్లిస్తే మూడోది జనమే చెప్పేస్తారు.

నేపథ్యం

నన్ను కలిసింది మనవరాలు. మన దగ్గర చదువుకోడానికి వచ్చిన అమ్మాయి, ఇక్కడికి వచ్చాకే తెలుగు బాగా మాట్లాడటం నేర్చుకుంది. తాతగారికి ఎనభై దాటాయి. ఆయనకి ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి జనం భాష), ఇరుగుపొరుగుతో భోజ్‌పురి, ఆఫీసు కాగితాల దగ్గర కాస్త ఫ్రెంచి. తెలుగు రామభజనల్లో మాత్రమే ఉంది, పాడతారు గానీ మాట్లాడలేరు. వాళ్ల పూర్వీకులు కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్లని ఇంట్లో చెప్పుకుంటారు. 1843లో ‘కోరింగా పాకెట్’ అనే ఓడ కూలీలతో అటు వెళ్లిన మాట నిజం, అక్కడ చాలాకాలం తెలుగువాళ్లని ‘కొరంగీ’లనే పిలిచారన్నదీ నిజం. కానీ వీళ్ల ముత్తాత ఆ ఓడలోనే వెళ్లాడనడానికి ఆధారం లేదు, కాబట్టి రాతలో ‘ఇంట్లో చెప్పుకునే మాట’ అనే పెట్టాను.

పెద్దాయన రాజధాని పోర్ట్ లూయీ రేవులో చక్కెర బస్తాలు మోశారు. ఆయన యవ్వనమంతా ఆ దేశపు రాజకీయాల్లో అతి గడ్డు కాలంతో కలిసి నడిచింది. అదేమిటో ముందు చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు.

1967 ఆగస్టు 7న మారిషస్‌లో ఎన్నికలు జరిగాయి. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. శివసాగర్ రాంగులాం లేబర్ పార్టీ, ఇంకో రెండు పార్టీలు కలిసి కావాలన్నాయి. గేతాన్ దువాల్ నడిపిన పీఎంఎస్‌డీ వద్దంది, బ్రిటన్‌తో ఏదో ఒక బంధం మిగలాలంది. ఎన్నికయ్యే 62 సీట్లలో 39 ఒకవైపు, 23 ఇంకోవైపు. ఓట్లలో చూస్తే తేడా ఇంకా చిన్నది, సుమారు 44 శాతం మంది స్వాతంత్ర్యం కోరిన కూటమికి వ్యతిరేకంగా వేశారు. మనకి 1947 ఆగస్టు 15 అనగానే ఒక బొమ్మ కళ్లముందు కదులుతుంది కదా, ఆ బొమ్మని ఇక్కడ పెట్టకూడదు. నేను పెట్టాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

1968 జనవరిలో పోర్ట్ లూయీలో మత, జాతుల అల్లర్లు రేగాయి. పాతికమంది దాకా చనిపోయారు, ఎమర్జెన్సీ పెట్టారు, సింగపూర్ నుంచి బ్రిటిష్ సైనికులు దిగారు. ఇళ్లు మారిన కుటుంబాలకి లెక్క లేదు. రాణి తరఫున రావాల్సిన రాకుమారి ప్రయాణం రద్దయింది. అది సద్దుమణిగీ మణగకముందే మార్చి 12న షాన్ ద మార్స్ మైదానంలో కొత్త జెండా ఎగిరింది.

సమస్య

కుటుంబం దగ్గర అప్పటికే ఒక నోటుపుస్తకం ఉంది. పెద్దాయన చెప్తుంటే ఆ అమ్మాయి నాన్నగారు రాసినది. దాని ప్రకారం కథ ఇలా ఉంది: 1967లో ఓటేశారు, తర్వాత జెండా ఎగిరింది, జెండా తర్వాత అల్లర్లు, 1972లో మళ్లీ ఓటేశారు, స్వాతంత్ర్యం వల్ల రేవులో పని పోయింది, ఆ తర్వాత ఒక పార్టీ అరవైకి అరవై గెలిచింది, మళ్లీ గెలిచింది, మళ్లీ గెలిచింది.

“నాన్నకి మతిమరుపు మొదలైందేమో, రికార్డు చేసి లాభం ఉందా?” అన్నది కొడుకుగారి ప్రశ్న. మనవరాలిది ఇంకో భయం: “ఇదంతా తప్పని తేలితే తాత బాధపడతారు మేడం.”

నేను నోటుపుస్తకాన్ని చరిత్ర పక్కన పెట్టి చూశాను. అల్లర్లు జెండాకి ముందు, తర్వాత కాదు. రేవులో మనుషులు బస్తాలు మోసే పని పోయింది 1980లో, చక్కెరని యంత్రాలతో నేరుగా ఓడల్లో పోసే టెర్మినల్ వచ్చినప్పుడు, స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్లకి. ఇక 1972లో అసలు సార్వత్రిక ఎన్నికలే లేవు. 1969లో రాంగులాం, దువాల్, మొన్నటిదాకా కొట్టుకున్న ఇద్దరూ కలిసి ప్రభుత్వం పెట్టి, 1972లో జరగాల్సిన ఎన్నికల్ని 1976కి తోసేశారు. ‘ఓటేశాను’ అన్న ఏడాది సరిగ్గా ఆ వాయిదా వల్ల ఓటు లేకుండా పోయిన ఏడాది.

అరవై-సున్నా మూడుసార్లు అన్నది నాకు అరిగిన రికార్డులా వినిపించింది. అది తప్పు కాదు. ప్రధాన ద్వీపంలో ఉన్న అరవై సీట్లూ ఒకే కూటమికి పోవడం 1982లో జరిగింది, 1995లో జరిగింది, 2024 నవంబరులో మళ్లీ జరిగింది. ఆ సంఖ్యలు నాకు తెలుసు. తెలిసి కూడా ఆయన నోట విన్నప్పుడు, ముసలాయన ఒకే మాట తిప్పి తిప్పి అంటున్నారని రాసుకున్నాను. ఎదుటివాళ్లకి మతిమరుపు అని ఎవరో చెప్పి పంపిస్తే, మన చెవి మతిమరుపునే వెతుక్కుంటుంది. అప్పటినుంచి కుటుంబం చెప్పే ఆరోగ్యం సంగతి మొదటి సెషన్ అయ్యాకే వింటున్నాను.

మొదటి ప్రయత్నం: తేదీల పట్టీ

వీడియో కాల్‌లో మొదలుపెట్టాం, మనవరాలు దుబాసీ. గోడ మీద పట్టీ అంటించి, సంవత్సరాలు రాసి, ఒక్కో ఏడాదీ అడుగుతూ వెళ్లాను. కారణం సులభం, తప్పులు తేదీల్లో ఉన్నాయి కాబట్టి తేదీలతోనే సరిచేయొచ్చనుకున్నాను.

ఆయన అన్నిటికీ “వీ, వీ” అన్నారు. అవును, అవును. జనవరిలో అల్లర్లు కదా తాతగారూ అంటే అవును. జెండా తర్వాత అల్లర్లని మొన్న చెప్పారు కదా అంటే అదీ అవునే. అనుమానం వచ్చి, ఎన్నికలే లేని 1978 గురించి అడిగాను, “ఆ ఎన్నికలప్పుడు మీరెక్కడున్నారు?” అని. “రేవులోనే” అన్నారు.

ఇలాంటి పరీక్ష పెట్టడం నాకు ఇష్టం ఉండదు, మనిషిని మోసం చేసినట్టే ఉంటుంది. ఆ రోజు చివర్లో అది నేను కావాలని అడిగిన తప్పు ప్రశ్న అని ఆయనకి చెప్పేశాను. కానీ దానివల్ల ఒకటి తేలింది. ఇంటికి వచ్చిన, చదువుకున్న మనిషి ఏదైనా అడిగితే కాదనకూడదన్నది ఆయన మర్యాద. అంటే ఆయన ‘అవును’కి సాక్ష్యంగా ఏ విలువా లేదు. మరి నోటుపుస్తకంలో ‘1972లో ఓటేశారు’ అన్నది కూడా ఎవరో అడిగితే వచ్చిన ‘అవును’ కావచ్చు కదా? ఆ ప్రశ్న రాసుకుని పక్కన పెట్టాను. పట్టీ గోడ మీంచి తీసేశాను.

రెండో ప్రయత్నం: పాత పత్రికలు, ఫోటోలు

అప్పటి ఫోటోలు, పత్రికల పేజీలు చూపించాం. మనలో చాలామంది చేసే పనే ఇది, చాలాసార్లు బాగా పనిచేస్తుంది కూడా. ఇక్కడ ఆయన ఫోటోలో ఉన్నదే తిరిగి చెప్పారు. జెండా ఫోటో చూపిస్తే జెండా గురించి, జనం ఎంతమంది ఉన్నారో దాని గురించి. “మీరు వెళ్లారా?” అంటే మళ్లీ “వీ”.

ఇక్కడే నా 1947 బొమ్మ అడ్డొచ్చింది. రికార్డింగ్ మళ్లీ వింటే నా గొంతులోనే ఉంది, “ఆ రోజు ఎంత సంతోషంగా ఉండి ఉంటుందో కదా!” అన్నాను. అది ప్రశ్నే కాదు. జవాబు నేనే ఇచ్చేసి, ఆయన్ని సంతకం పెట్టమన్నట్టుంది.

మూడో ప్రయత్నం: నలుగురినీ కూర్చోబెట్టడం

ఇక లాభం లేదని మారిషస్ వెళ్లాను, రెండు వారాలు. అదే పేటలో ఆయన ఈడువాళ్లు నలుగురున్నారు, వేర్వేరు సముదాయాలవాళ్లు. ఒకరి జ్ఞాపకం ఇంకొకరిది సరిచేస్తుందని ఆశపడ్డాను. టీ తాగారు, 1967లో ఓటు చీటీ మీద మూడు గీతలు పెట్టడం గురించి హుషారుగా మాట్లాడారు (ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు, కాబట్టి ఓటరుకి మూడు ఓట్లు), తాళంచెవి గుర్తు, కోడిపుంజు గుర్తు, ఎర్రవాళ్లు, నీలంవాళ్లు. జనవరి 1968 దగ్గరికి రాగానే అందరూ ఒకే మాట అన్నారు, “అందరం అన్నదమ్ముల్లా ఉండేవాళ్లం.” తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన కప్పు కడిగి తెస్తానని లేచి వెళ్లి చాలాసేపటికి వచ్చారు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. పక్క పక్క ఇళ్లలో ఇంకా బతకాల్సినవాళ్లు అందరి ముందూ చెప్పగలిగే నిజం అంతే. గొడవలు జరిగిన చోట గుంపు ఇంటర్వ్యూ పెట్టకూడదని నాకు ముందే తెలియాలి. ఆ రికార్డింగ్‌ని ఎక్కడా వాడలేదు.

ఏది పనిచేసింది

వెళ్లిన మొదటి వారం చివర్లో రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది, మొదటి తరగతి. మారిషస్‌లో హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా పెరుగుతాయి. ఒకటి అంటే ఎవరూ పెద్దగా కంగారుపడరు. పెద్దాయన మాత్రం తల పైకెత్తి శ్లాబు వైపు చూశారు. చూసి, ఎవరూ అడక్కుండానే, నేను వెళ్లాక మొదటిసారి ఎవరూ అడక్కుండా, మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ శ్లాబు క్లోదెత్ తుపాను తర్వాత పోయించింది. దానిముందు రేకులు. జెర్వేజ్ ఆ రేకుల్ని చెరకు తోటలోకి విసిరేసింది. ఆ రేకులకి ముందు, కారోల్‌కి ముందు, చెరకు ఆకు కప్పు.

మూడూ తుపాన్ల పేర్లే. కారోల్ 1960 ఫిబ్రవరి ఆఖరు. జెర్వేజ్ 1975 ఫిబ్రవరి. క్లోదెత్ 1979 డిసెంబరు. మూడూ ఆయన సరైన వరుసలో, తడుముకోకుండా చెప్పారు. ప్రభుత్వాల వరుస అడిగితే తడబడే మనిషి కప్పుల వరుస నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నా దగ్గర ఉన్న మతిమరుపు అనుమానం ఆ సాయంత్రమే సగం పోయింది.

మర్నాటి నుంచి నా పద్ధతి మార్చేశాను. సంవత్సరం అన్న మాట నోట్లోంచి రానివ్వలేదు. “అప్పుడు ఇంటి మీద ఏముండేది?” అన్నదే మొదటి ప్రశ్న. రెండోది “మీరు ఎక్కడ కూర్చున్నారు, నిలబడ్డారు?” రెండిటికీ అవును, కాదు అని జవాబు చెప్పలేరు, అందుకే ఎంచుకున్నాను. చెప్పింది మనవరాలు వెంటనే తెలుగు చేయకుండా, ముందు క్రియోల్ మాటనే ఉన్నది ఉన్నట్టు రాయాలని కూడా పెట్టుకున్నాం.

శ్లాబు కింద నుంచి వెనక్కి వెళ్లాం. శ్లాబుకి డబ్బెక్కడిది? రేవులో ఆఖరిసారి చేతికొచ్చిన డబ్బు. అంటే పని పోయింది 1980లోనే, ఆయనకి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. మరి స్వాతంత్ర్యం వల్ల పోయిందని ఎందుకన్నారు? ఆయన చెప్పింది ఇది: స్వాతంత్ర్యం వస్తే రేవు మనదవుతుందని 1967 మీటింగుల్లో విన్నారు, రేవు మనదయ్యాక మనమే దాంట్లో మనుషుల అవసరం లేకుండా చేశాం. నోటుపుస్తకంలో ఈ రెండు వాక్యాలూ కలిసి ఒక తప్పుడు తేదీ అయ్యాయి.

రేకుల కింద, జెర్వేజ్ తర్వాత, చెల్లెలి కొడుకు బడి పిల్లలతో ఊరేగింపుకి వెళ్లి పోలీసుల దెబ్బ తిని వచ్చాడు. ఇది 1975 మే. పోర్ట్ లూయీ వైపు నడుస్తున్న విద్యార్థుల్ని గ్రాండ్ రివర్ వంతెన దగ్గర ఆపారు. ఆ ఏడాది చివర్లో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి తగ్గింది, 1977లో సెకండరీ చదువు ఉచితమైంది. 1976 డిసెంబరు ఎన్నికల్లో ఎంఎంఎం అనే వామపక్ష పార్టీ 30 సీట్లతో అన్నిటికంటే పెద్ద పార్టీగా వచ్చింది, కానీ లేబర్, పీఎంఎస్‌డీ మళ్లీ కలిసిపోయి గద్దె మీద ఉండిపోయాయి. ఇవన్నీ కాగితాలతో సరిపోయాయి.

ఇంకొకటి. 1973లో రేవులో ఒక ఓడ ఆగిందని, దాంట్లోవాళ్లు దిగేది లేదన్నారని చెప్పారు. కిందినుంచి చూస్తే పిల్లల కాళ్లు రెయిలింగ్ లోంచి వేలాడుతూ కనిపించేవట. చాగోస్ దీవులవాళ్లు. స్వాతంత్ర్యం ఇచ్చే ముందే, 1965 నవంబరులో, బ్రిటన్ ఆ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసి, డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం జనాన్ని ఖాళీ చేయించింది. ఆఖరి విడతల్లో వచ్చిన నార్ద్‌వేర్ ఓడ ప్రయాణికులు దిగడానికి నిరాకరించిన మాట నిజం. నోటుపుస్తకంలో ఇది లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చట్టబద్ధంగా జరగలేదని అభిప్రాయం చెప్పింది, 2025 మేలో బ్రిటన్ ఆ దీవులపై మారిషస్ సార్వభౌమత్వాన్ని ఒప్పుకుంటూ ఒప్పందం మీద సంతకం చేసింది. పెద్దాయనకి ఆ వార్త మనవరాలు ఫోన్‌లో చదివి వినిపిస్తే, ఆ పిల్లల్లో ఎవరైనా ఉన్నారా అని అడిగారట.

సన్నికల్లు

జనవరి అల్లర్ల దగ్గరికి నేను వెళ్లలేదు, ఆయనే వచ్చారు. పెరట్లో కొళాయి పక్కన ఒక సన్నికల్లు ఉంది, పొత్రంతో సహా. వాళ్లు రోష్ కారీ అంటారు, మసాలా నూరేది. మధ్యలో అరిగి పళ్లెంలా గుంట పడింది. ఆ ఇంట్లో ఇంకొకటి వంటగదిలో ఉంది, అందులోనే నూరుతున్నారు. రెండోది ఎందుకని అడిగాను, అంతే.

అది పక్కింటివాళ్లది. అల్లర్లలో వాళ్లు రాత్రికి రాత్రి బంధువుల ఇంటికి వెళ్లారు. బరువైన వస్తువు కదా, మళ్లీ వచ్చి పట్టుకెళ్తామని ఆయన తల్లికి అప్పగించారు. కొన్ని వారాలు అటూ ఇటూ తిరిగి, చివరికి తమవాళ్లు ఎక్కువ ఉన్న పేటలో ఇల్లు చూసుకుని, వేసవి వేడి తగ్గాక సామాను కోసం వచ్చారు. బండి నిండిపోయింది. రాయి మిగిలింది.

ఆ బండి వచ్చింది మార్చి 12 తర్వాత. ఆయనకి అల్లర్లు ముగిసింది ఆ రోజున, సైనికులు దిగిన రోజున కాదు. అందుకే ఆయన లెక్కలో అల్లర్లు జెండా తర్వాత. జెండా రోజున ఏం చేశారని అప్పుడు అడిగాను, ఈసారి నా జవాబు కలపకుండా. తల్లి తలుపుకి గడియ పెట్టిందట, మగపిల్లలు బయటికి వెళ్లొద్దని. మైదానంలో మోగిన తుపాకుల వందనం విని ఆవిడ మళ్లీ మొదలయ్యాయనుకుని దీపం ఆర్పేసిందట, పట్టపగలు.

పక్కింటివాళ్లు ఏ సముదాయమో ఆయన చెప్పారు. రాతలో తీసేశాను. కుటుంబం ఉంచమంది, నిజం కదా అంది. నా ఆలోచన ఏమిటంటే, సముదాయం పేరు పెట్టగానే చదివేవాళ్లు రాయిని వదిలేసి ఎవరు ఎవర్ని తరిమారన్న దగ్గరికి వెళ్తారు, ఆ ఇంటి పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. అసలు ఆడియో కుటుంబం దగ్గర ఉంది, ఆయన బతికుండగా ఎవరికీ ఇవ్వకూడదని రాసుకున్నాం.

1972

ఇక మిగిలింది లేని ఎన్నిక. ఓటేసిన జ్ఞాపకాలు రెండిటినీ పక్కపక్కన చెప్పమన్నాను. 1967ది: రేకుల ఇల్లు, బడిలో క్యూ, ముందు నిలబడ్డవాడి మెడ మీద చెమట, మూడు గీతలు. గోటితో బల్ల మీద గీసి చూపించారు. రెండోది: రేకుల ఇల్లే. ఎక్కడ నిలబడ్డారు? నిలబడలేదు. కూర్చున్నారు. ఎక్కడ? ఇంట్లో, వంటగది మెట్టు మీద. ఆ వచ్చినాయన మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు.

ఇంట్లో కూర్చుని ఎవరూ ఓటేయరు. మనవరాలు, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన అన్న క్రియోల్ మాట మా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసి ఉంది: “మో తి దొన్ మో నోం.” నా పేరు ఇచ్చాను. కొడుకుగారు దాన్ని ఓటు అని రాసుకున్నారు, అడిగితే పెద్దాయన అవునన్నారు, అక్కడ నుంచి అది ఎన్నిక అయింది.

1972లో జరిగింది జనాభా లెక్క. మరి జనాభా లెక్క ఎవరికైనా యాభై ఏళ్లు గుర్తుంటుందా? ఆయనకి గుర్తుండటానికి కారణం టెన్షన్. 1971లో రేవు సమ్మెలు జరిగాయి, డిసెంబరులో ఎమర్జెన్సీ పెట్టారు, ఎంఎంఎం నాయకుడు పాల్ బెరాంజె, మరికొందరు 1972లో జైల్లో ఉన్నారు. సమ్మెలో ఉన్న ఒక కూలీ ఇంటికి ప్రభుత్వం మనిషి కాగితాలతో వచ్చి పేర్లు అడుగుతున్నాడు. తల్లి లోపలినుంచి చెయ్యి ఊపుతూ చెప్పొద్దని సైగ చేసిందట. ఆయన పేరు ఇచ్చారు.

ఆ కాగితంలో సముదాయం అన్న గడి ఉంది. తెలుగు అని రాయమంటే అలాంటిది లేదన్నాడట వచ్చినాయన. నిజంగానే లేదు. రాజ్యాంగం లెక్కలో హిందూ, ముస్లిం, చైనా మూలాలవాళ్లు, ఈ మూడింట్లోకీ జీవన విధానాన్ని బట్టి రానివాళ్లంతా ‘సాధారణ జనాభా’. తెలుగు, తమిళ, మరాఠీ కుటుంబాలు హిందువుల్లో పోతాయి. భాష దగ్గర తెలుగు రాస్తాలే అన్నాడట.

ఆ కాగితం అక్కడితో ఆగలేదు. మారిషస్ పార్లమెంటులో ఎన్నికయ్యే 62 మందికి తోడు, ఎనిమిది మంది దాకా ఓడిపోయిన అభ్యర్థుల్ని తీసుకోవచ్చు, ‘బెస్ట్ లూజర్’ అంటారు. ఏ సముదాయానికి తగినన్ని సీట్లు రాలేదో చూసి, దాంట్లో బాగా ఓట్లు వచ్చి ఓడినవాళ్లకి ఇస్తారు, పార్టీల బలాబలాలు తలకిందులు కాకుండా. 1967 నాటి భయాల్లోంచి పుట్టిన ఏర్పాటు. తగినన్ని అంటే ఎన్ని అనడానికి జనాభా లెక్క కావాలి. 1982 తర్వాత లెక్కల్లో సముదాయం అడగడం మానేశారు. కాబట్టి ఈ రోజుకీ వాడేది 1972 లెక్కే. ఇది ఎంతవరకు సబబని అక్కడ పెద్ద వాదన నడుస్తోంది. అభ్యర్థులు తమ సముదాయం ప్రకటించి తీరాలనడం, అదీ పాత లెక్క మీద, హక్కుల ఉల్లంఘన అని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అంది. 2014 ఎన్నికలకి మాత్రం ప్రకటన తప్పనిసరి కాకుండా సవరించారు.

అంటే రాంగులాం, జగన్నాథ్, వాళ్ల కొడుకులు, బెరాంజె లాంటి నాయకులు ఎన్ని కూటములు కట్టినా విడగొట్టినా, బెస్ట్ లూజర్ సీట్లు లెక్కేసిన ప్రతిసారీ ఆ వంటగది మెట్టు మీద రాసిన కాగితం మళ్లీ లెక్కలోకి వచ్చింది. ఆయన 1972లో ఓటేశానన్నది తప్పు అని నోటుపుస్తకంలో కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. రాతలో ఆయన మాట అలాగే ఉంచి, కింద వివరణ పెట్టాం.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ప్రశ్నల్లోంచి సంవత్సరాలు తీసేయడం అన్నిచోట్లా పనిచేయదు. ఉద్యోగాలు చేసినవాళ్లు, బదిలీలు తిరిగినవాళ్లు సంవత్సరాలతోనే గుర్తుపెట్టుకుంటారు, వాళ్లని ఇంటి కప్పు అడిగితే విసుక్కుంటారు. ఆ మనిషి కాలాన్ని దేనితో కొలుస్తారో కనుక్కోవడానికి ఇప్పుడు మొదటి సెషన్ మొత్తం వదిలేస్తున్నాను, ఏమీ అడగకుండా, ఇంట్లో తిరుగుతూ. దుబాసీగా కుటుంబసభ్యులు ఉంటే మూలభాష మాటని ముందు రాయించడం తప్పనిసరి చేశాను. ‘పేరు ఇచ్చాను’ అన్నది ‘ఓటేశాను’ అయిపోవడానికి ప్రేమగల కొడుకు ఒక్కడు చాలు.

అరవై-సున్నాల సంగతి కూడా చివర్లో అడిగాను, మూడిటినీ ఒకే ఊపిరిలో ఎందుకు చెప్తారని. మూడిట్లోనూ గెలిచిన కూటమిలో బెరాంజె ఉన్నాడు కదా అన్నారు. 1982ది తొమ్మిది నెలలకే చీలింది, 1995ది 1997లో విడిపోయింది. అందుకని ఆయనకి అవి మూడు కథలు కావు, ఒకే కథ, మూడోది ఎన్నాళ్లుంటుందో చూడాలన్నారు. ఇంత స్పష్టంగా ఆలోచించే మనిషి గురించి నేను మొదటి వారం నోట్సులో రాసుకున్నది ఆ రాత్రి మళ్లీ చదివి, కొడుకుగారికి ఫోన్ చేసి, మతిమరుపు అన్న మాట నా వైపు నుంచి వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

బయలుదేరే రోజు అంగీకార పత్రం మీద సంతకం కావాలి. నేను ఎప్పుడూ వాడే ఫారంలో పేరు, వయసు, ఊరు, సముదాయం అని గడులుంటాయి. ముందురాత్రి కూర్చుని ఆ నాలుగోది తీసేసి కొత్త ప్రింటు తీయించాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పైనుంచి కిందిదాకా చూసి, ఏదో వెతుకుతున్నట్టు వెనక్కి కూడా తిప్పి, సంతకం పెట్టారు. పెట్టాక, సంతకం పక్కన ఖాళీ జాగాలో, ఫ్రెంచి అక్షరాల్లో, మెల్లగా, ‘తెలెగూ’ అని రాసిచ్చారు.